ముప్పై అయిదు డాలర్లకు అమ్మేసిన పాట

జూలై 1న పోర్ట్ క్రెడిట్‌లో కెనడా డే ఊరేగింపు చూస్తుంటే, బ్యాండు దగ్గరకొచ్చేసరికి మాకు మన ఊరి పెళ్ళి మేళమే గుర్తొస్తుంది. ఇత్తడి వాయిద్యాల కవాతు పాటలకు రాజు అని పేరుపడ్డ మనిషి మాత్రం పక్క దేశంవాడు, జాన్ ఫిలిప్ సూసా.

1854 నవంబరు 6న వాషింగ్టన్‌లో పుట్టాడు. నాన్న స్పెయిన్‌లో పుట్టిన పోర్చుగీసు, అమ్మది జర్మనీ. అంటే మన పిల్లల్లాగే వలస వచ్చినవాళ్ళ బిడ్డ. గోవా డిసౌజాలదీ ఈయనదీ ఒకటే ఇంటిపేరు లెండి. నాన్న మెరైన్ బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. పదమూడేళ్ళప్పుడు కుర్రాడు సర్కస్ బ్యాండుతో పారిపోబోతే, నాన్న పసిగట్టి తీసుకెళ్ళి మెరైన్ దళంలోనే అప్రెంటిస్‌గా చేర్చేశాడు. 1880లో అదే బ్యాండుకు నాయకుడయ్యాడు ఆ కుర్రాడు.

1889లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికవాళ్ళు పిల్లలకు వ్యాసాల పోటీ పెట్టి, బహుమతుల సభకు ఒక మార్చ్ కట్టమన్నారు. ఆ పాటకు టూ-స్టెప్ డాన్సు తోడై అమెరికా, యూరప్ ఊగిపోయాయి. సూసాకు ముట్టింది 35 డాలర్లు! మొత్తంగా పబ్లిషరుకు అమ్మేశాడు మరి. లంప్‌సమ్‌కు పని ఒప్పుకుని, తర్వాత ఆ బిల్డింగు ఎంతకు అమ్ముడుపోయిందో విన్నప్పుడు మనకెలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉండి ఉంటుంది.

కానీ ఆయన నేర్చుకున్నాడు. 1892లో ఉద్యోగం వదిలి, డేవిడ్ బ్లేక్లీ మేనేజరుగా సొంత బ్యాండు పెట్టాడు. ఆ తర్వాతి పాటలకు రాయల్టీ తీసుకున్నాడు. 1896 చివర్లో యూరప్‌లో ఉండగా బ్లేక్లీ చనిపోయాడని పేపర్లో చూసి ఓడెక్కాడు. డెక్కు మీద పచార్లు చేస్తుంటే బుర్రలో ఒక బ్యాండు అదేపనిగా మోగిందట. దిగాక కాగితం మీద పెట్టాడు. రాతప్రతి మీద తేదీ డిసెంబరు 25. అదే 'ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్'. బాకాల గోల మధ్య చిన్న పిక్కలో పిల్లనగ్రోవి ఒక్కటీ పిట్టలా పైకి లేస్తుంది చూడండి, అక్కడ మాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ పాట ఆయనకు బాగా సంపాదించి పెట్టింది. 1987లో అమెరికా దీన్ని జాతీయ మార్చ్‌గా ప్రకటించింది.

ఒక విచిత్రం. సర్కస్ బ్యాండులు ఈ పాటను మామూలుగా వాయించవు. ప్రమాదం వచ్చిందని పనివాళ్ళకు చెప్పే సైరను అది. 1944లో హార్ట్‌ఫర్డ్ సర్కస్ డేరా అంటుకుని 160 మందికి పైగా పోయినప్పుడు బ్యాండువాళ్ళు వాయించింది ఇదే.

గ్రామఫోను రికార్డులు వచ్చాక, పాట కట్టినవాడికి పైసా రావట్లేదని 1906లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకెళ్ళి గట్టిగా అడిగాడు. 1914లో పుట్టిన పాటల రచయితల సంఘం ఆస్కాప్‌లో మొదటి సభ్యుల్లో ఒకడు. అలా లెక్క పట్టి అడిగిన మనిషే, మొదటి ప్రపంచ యుద్ధంలో 62 ఏళ్ళ వయసులో నేవీలో చేరి, నెలకు ఒక్క డాలరు మాత్రం ఉంచుకుని మిగతా జీతం సహాయనిధికి ఇచ్చేశాడు.

1932 మార్చిలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడి రింగోల్డ్ బ్యాండు 80వ వార్షికోత్సవానికి రిహార్సల్. చివరగా నడిపించింది ఆ ఓడ మీద పుట్టిన పాటే. ఆ రాత్రి హోటల్లోనే ప్రాణం పోయింది. 77 ఏళ్ళు.