హైదరాబాద్‌కు రైలు తెచ్చిన దివాను
పాతబస్తీ దివాన్ దేవిడీ నుంచి 30 ఏళ్లు పాలన సాగించిన మొదటి సాలార్‌జంగ్

పాతబస్తీ: సాలార్‌జంగ్ పేరు చెప్పగానే మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం గుర్తుకు వస్తుంది. అందులోని కళాఖండాలను అధికభాగం సేకరించినది మూడో సాలార్‌జంగ్. ఆయనకు తాతగారైన మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీఖాన్, నిజాం రాజ్యానికి తొలి రైలుమార్గాన్ని సాధించిన దివానుగా చరిత్రలో నిలిచారు. రైలు వేయడం ఒక ఎత్తయితే, దానికి డబ్బు ఎవరు పెట్టాలి, అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న మరో ఎత్తు. ఆ ప్రశ్న ఆయన జీవితాంతం వెంటాడింది.

అప్పుల కుప్పలో పదవి
మీర్ తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించారు. పినతండ్రి సిరాజుల్ముల్క్ నిజాంకు దివానుగా ఉండేవారు. 1853 మే నెలలో బ్రిటిష్ వారితో కుదిరిన ఒప్పందం ప్రకారం, హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల కింద బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు వారి అధీనంలోకి వెళ్లాయి. ఆ వెంటనే సిరాజుల్ముల్క్ కన్నుమూయగా, 24 ఏళ్ల యువకుడికి దివాను పదవి దక్కింది.

అప్పటికి ఖజానా ఖాళీ. సాహుకార్ల వద్ద, అరబ్బు జమేదార్ల వద్ద చేసిన అప్పులకు తాలూకాలకు తాలూకాలే తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి వల్ల రైతు చెల్లించిన సొమ్ములో సర్కారుకు చేరేది స్వల్పం. సాలార్‌జంగ్ తాకట్టు భూములను క్రమంగా విడిపించారు. గుత్తేదార్ల స్థానంలో జీతం తీసుకునే తాలూక్‌దార్లను నియమించారు. పలుచోట్ల నడిచే టంకశాలలను అదుపు చేసి హాలీ సిక్కా నాణేన్ని స్థిరపరిచారు. 1865లో జిలాబందీ పేరిట రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. ఆదాయ వ్యయాలకు లెక్క దొరికిన తరువాతనే రోడ్లు, రైళ్ల గురించి ఆలోచించే స్తోమత రాజ్యానికి కలిగింది.

ప్రాణాలకు ముప్పు
1857 తిరుగుబాటులో ఆయన బ్రిటిష్ వారి పక్షాన నిలిచారు. పాతబస్తీ వీధుల్లో ఆగ్రహం పెల్లుబికినా వెనుదిరగలేదు. 1859లో దర్బారు నుంచి వస్తుండగా ఆయనపైనా, బ్రిటిష్ రెసిడెంటుపైనా కాల్పులు జరిగాయి. 1868లో మరోమారు హత్యాయత్నం జరిగింది. రెండుసార్లూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన సహాయానికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి నిజాంకు దక్కాయి. 50 లక్షల రూపాయల అప్పు రద్దయింది. బీరారు మాత్రం తిరిగి రాలేదు.

వాడి నుంచి సికింద్రాబాద్‌కు
అప్పటిదాకా నగరానికి సరుకు రావాలంటే ఎద్దుబండ్లు, పెరికెద్దులే శరణ్యం. మూసీ దాటడానికి 1578 నాటి పురానాపూల్, 1831 నాటి చాదర్‌ఘాట్ వంతెనలకు తోడు అఫ్జల్‌గంజ్ వంతెన నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో వచ్చింది. అయితే రాజ్యం సముద్రానికి దూరం. బొంబాయి నుంచి మద్రాసుకు వేస్తున్న రైలుమార్గం రాజ్యపు పడమటి అంచున వాడి మీదుగా సాగింది. రాజధానిని దానితో కలపకపోతే వ్యాపారమంతా పక్కనుంచే పోతుందన్నది స్పష్టమైంది.

1869లో అఫ్జలుద్దౌలా మరణించారు. వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. షంసుల్ ఉమరాతో కలిసి సాలార్‌జంగ్ రాజప్రతినిధి బాధ్యత వహించారు. ఆ దశలోనే, 1870లో, రైలుమార్గంపై బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి భారం ప్రధానంగా నిజాం ఖజానాది. నిర్మాణం, నిర్వహణ బ్రిటిష్ వారి పర్యవేక్షణలో. సొమ్ము ఒకరిది, పెత్తనం మరొకరిది అన్న మాట ఆనాటి దర్బారులో వినిపించకపోలేదు.

తాండూరు, వికారాబాద్ మీదుగా సుమారు 190 కిలోమీటర్ల ఈ మార్గం 1874 అక్టోబరులో ప్రారంభమైంది. అయితే అది చేరినది చార్మినార్ ముంగిటికి కాదు, బ్రిటిష్ సైనిక శిబిరమైన సికింద్రాబాద్‌కు. సైన్యం రాకపోకలు బ్రిటిష్ వారికి ముఖ్యం కాగా, సరుకుల రాకపోకలు, కరవు కాలంలో ధాన్యం చేరవేత రాజ్యానికి అవసరం. రెండు అవసరాలు ఒకే పట్టాల మీద నడిచాయి.

నెరవేరని కోరిక
1876లో ఆయన ఇంగ్లాండు వెళ్లారు. దారిలో పారిస్‌లో మెట్లపై జారిపడి తొడ ఎముక విరిగినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. లండన్‌లో ఘనంగా సత్కారాలు జరిగాయి. మనసులోని అసలు కోరిక, బీరారును తిరిగి పొందడం, మాత్రం ఫలించలేదు.

తూర్పు వైపు మార్గాన్ని పొడిగించాలన్న ఆలోచన ఆయన చివరి రోజుల్లో బలపడింది. 1871లోనే ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించడంతో దానికి ఊతం లభించింది. ఇంతలో 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది.

రైలును లండన్‌లోని ప్రైవేటు కంపెనీకి అప్పగించి, పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడికి సర్కారు హామీ ఇచ్చే ప్రతిపాదనపై అదే ఏడాది నగరంలో ఆందోళన చెలరేగింది. షరతులను ప్రజలకు వెల్లడించాలని కోరినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నగర బహిష్కారానికి గురయ్యారు. 1885లో మార్గం కంపెనీ చేతికి వెళ్లింది. 1889లో బెజవాడ వరకు రైలు నడిచింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనుగోలు చేసింది. 1932లో అదే రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. ఆర్టీసీకి మూలం అదే.

దేవిడీ పోయింది, ప్రశ్న మిగిలింది
ఆయన నివసించిన దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం మొదలై, 1968లో ప్రస్తుత భవనానికి తరలింది. దేవిడీ స్థానంలో నేడు దుకాణాల సముదాయాలు వెలిశాయి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి వచ్చిన మెట్రో మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వద్దనే ఆగింది. దాన్ని పాతబస్తీలోకి పొడిగించేందుకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగింది. ఖర్చు ఎవరు భరించాలి, దారి ఎవరి ముంగిటికి చేరాలి అన్న దివాను కాలపు ప్రశ్న నగర రవాణాను ఒకటిన్నర శతాబ్దం తరువాతా వదలలేదు.