గ్రిఫిత్ గుర్రాలు ఎవలను కాపాడినయి?

డేవిడ్ వార్క్ గ్రిఫిత్ 1875ల అమెరికాల కెంటకీల పుట్టిండు. అయ్య, బానిసత్వం ఉండాలని కొట్లాడిన దక్షిణాది సైన్యంల కర్నల్. పదేండ్లకే అయ్య పోయిండు గని ఆ యుద్ధం ముచ్చట్లు పోరని తలకాయల ఉండిపోయినయి.

నాటకాలేసుకుంట తిరిగి, 1908ల బయోగ్రాఫ్ కంపెనీల డైరెక్టరయ్యి, అయిదేండ్లల్ల నాలుగు వందలకు పైన చిన్న సిన్మాలు తీసిండు. 1915ల వచ్చింది 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్'. మూడు గంటల మూకీ. ఆపదల ఉన్నోళ్లను, కాపాడ ఉరికొచ్చేటోళ్లను మార్చి మార్చి చూపుడు ఆయన ఒక్కడే కనిపెట్టింది కాదు, గని గంత బిగువుగ నడిపిండు. ఇయ్యాల మన సిన్మా క్లైమాక్సుల హీరో బండేసుకొని వస్తుంటే గుండె దడదడ కొట్టుకుంటది సూడుండ్రి, గదే కిటుకు.

అయితే అండ్ల ఆపదల ఉన్నది తెల్లోళ్లు. గుర్రాలెక్కి వచ్చేది కు క్లక్స్ క్లాన్, నల్లోళ్లను సంపిన ముఠా. మొఖాలకు నల్లరంగు పూసుకున్న తెల్ల నటులు నల్లోళ్లను మృగాల లెక్క ఆడి చూపెట్టిండ్రు. ఎన్‌ఏఏసీపీ చాన పట్నాలల్ల కొట్లాడింది. అయినా హాళ్లు నిండినయి. ఎన్నడో సల్లారిన క్లాన్ అదే ఏడు జార్జియాల మళ్ల లేచింది, కొత్తోళ్లను చేర్చుకునేతందుకు గీ సిన్మానే వాడుకున్నది.

కళను, విషాన్ని యాటికాడికి ఏరి చూడాలంటరు కొందరు. నాకు గట్ల కుదరదు. గుండె దడ పుట్టించిన కిటుకే కదా విషాన్ని లోపలికి దింపింది!

మరుసటేడు 'ఇంటాలరెన్స్' తీసిండు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, తనను తిట్టినోళ్లకే అసహనం అంటగట్టినట్టున్నది. 1931 తర్వాత ఆయన సిన్మా రాలే. 1948ల హాలీవుడ్ల సచ్చిపోయిండు. డైరెక్టర్స్ గిల్డ్ తన పెద్ద అవార్డుకున్న ఆయన పేరును 1999ల తీసేసింది. సిన్మా పాఠాలల్ల మాత్రం ఆ గుర్రాలు ఇంకా ఉరుకుతనే ఉన్నయి.