‘అవును’ అనే మాటతో భాషలను పోల్చిన డాంటే

కాఫీ షాపులో లాటే ఆర్డర్ చేసిన ప్రతిసారీ మీరు ఇటాలియన్‌లో పాలు అడుగుతున్నారు. అవే పాలు స్పానిష్‌లో లెచే, రొమేనియన్‌లో లప్తే. రాత్రిని ఇటాలియన్‌లో నొత్తే అంటే, స్పానిష్‌లో నోచే, రొమేనియన్‌లో నొఆప్తే. పాత లాటిన్ మాటల్లోని ‘క్త’ ఒకచోట ‘త్త’, ఒకచోట ‘చ’, ఇంకోచోట ‘ప్త’ అయింది. మన పాలు కన్నడలో హాలు, పులి హులి అయినట్టే. ఇలాంటి పోలికల మీద 700 ఏళ్ల కిందటే ఒక పుస్తకం మొదలుపెట్టిన మనిషి గురించి ఈ నెల మీకు చెప్పాలనుకున్నాను.

డాంటే అలిగియేరి 1265లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టారు. ఇంట్లో మాట్లాడేది ఫ్లోరెన్స్ వాడుక భాష. చదువు, చర్చి, న్యాయశాస్త్రం, యూనివర్సిటీ అంతా లాటిన్. ప్రేమ కవిత్వానికి దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్సాల్ భాష గొప్పదని పేరు. డాంటే గురువుగా భావించిన బ్రునెత్తో లతీనీ కూడా ఫ్లోరెన్స్ వారే, అయినా తన పెద్ద విజ్ఞాన గ్రంథాన్ని ఫ్రెంచ్‌లో రాశారు. అంటే పేరు రావాలంటే అమ్మ భాష తప్ప ఏదైనా పనికొస్తుంది అనుకునే కాలం.

1300లో డాంటే రెండు నెలల పాటు నగర పాలకుల్లో ఒకరు. 1301 చివర్లో ప్రత్యర్థి వర్గం చేతికి అధికారం వచ్చింది. 1302లో ఆయనను వెళ్లగొట్టి, తిరిగొచ్చి దొరికితే సజీవంగా కాల్చేయాలని శిక్ష వేశారు. ఆయన మళ్లీ సొంత ఊరు చూడలేదు.

ఆ తిరుగుడులోనే భాషల మీద ఆ పుస్తకం మొదలైంది. ‘అవును’ అనడానికి కొందరు ‘ఒక్’ అంటారు, కొందరు ‘ఓయిల్’ అంటారు, ఇటలీ వాళ్లు ‘సీ’ అంటారు అని మూడు గుంపులు చేశారు. ఆ ఓయిలే ఇప్పటి ఫ్రెంచ్ ‘వీ’. దేవుడు, ఆకాశం, ప్రేమ, సముద్రం, భూమి లాంటి మాటలు మూడింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి ఇవి ఒకే మూలం నుంచి వచ్చాయని తేల్చారు. ఆ మూలం లాటినేనని మాత్రం ఆయన అనుకోలేదు. లాటిన్‌ను పండితులు తర్వాత నియమాలు పెట్టి తయారుచేశారని ఆయన నమ్మకం. అది పొరపాటు. కానీ ఆయన చెవి మాత్రం అద్భుతం. ఇటలీలో కనీసం 14 రకాల వాడుక భాషలు లెక్కపెట్టారు. బొలోన్యా అనే ఒక్క ఊళ్లోనే ఈ వీధివాళ్ల మాటకూ ఆ వీధివాళ్ల మాటకూ తేడా ఉందని రాశారు. తన సొంత ప్రాంతం టస్కనీ యాసను కూడా వదలకుండా చీవాట్లు పెట్టారు!

తమాషా ఏమిటంటే, వాడుక భాషే లాటిన్ కన్నా గొప్పదని వాదించిన ఈ పుస్తకం ఉన్నది లాటిన్‌లో. ఒప్పించాల్సింది పండితులను కదా మరి. అది ఒక వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

అదే కాలంలో ఇటాలియన్‌లో రాసిన ఇంకో పుస్తకంలో, పక్కవాళ్ల భాషను పొగిడి తమ భాషను తక్కువ చేసే ఇటలీ వాళ్ల మీద ఆయన బాగా కోప్పడ్డారు. తన అమ్మానాన్నలను కలిపింది ఆ భాషేనని, తను లాటిన్ నేర్చుకోవడానికి దారి చూపిందీ అదేనని చెప్పుకున్నారు. ఇంగ్లిష్ బాగా రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలా అని పేరెంట్స్ మీటింగుల్లో మీలో చాలామంది అడుగుతుంటారు. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌గా నా జవాబు, వద్దు. తెలుగులో కథ చెప్పగల పిల్లలకు ఇంగ్లిష్‌లో చెప్పడానికి కావలసింది మాటలే. కథ వాళ్ల దగ్గర ముందే ఉంటుంది.

చివరి రోజుల్లో డాంటే రవెన్నాలో ఉండగా బొలోన్యా పండితుడు ఒకాయన ఉత్తరం రాశారు. ఇంత గొప్ప విషయాన్ని సంతలో మాట్లాడే భాషలో పాడుచేసుకోవద్దని, లాటిన్‌లో రాస్తే అసలైన కీర్తి వస్తుందని సలహా. డాంటే చక్కటి లాటిన్ పద్యాల్లోనే, మర్యాదగా, కుదరదని జవాబిచ్చారు. తన మహాకావ్యం ‘డివైన్ కామెడీ’ని ఇటాలియన్‌లోనే పూర్తిచేశారు. 1321 సెప్టెంబరులో రవెన్నాలోనే కన్నుమూశారు.

ఆ కావ్యంలో 14,233 పంక్తులున్నాయి. అందులో ఒకచోట ఆర్నో దానియెల్ అనే పాత ప్రొవాన్సాల్ కవి ఎదురై మాట్లాడతాడు. అతనితో డాంటే ఇటాలియన్ పలికించలేదు. ఆ ఎనిమిది పంక్తులూ అతని సొంత భాషలోనే ఉంటాయి.