విలియం బ్లాక్‌స్టను పండితుని చరిత్రము

మన సంఘమునందలి యువకులును యువతులును పలువురు నేఁడు న్యాయశాస్త్రము నభ్యసించుచున్నారు. క్రిమినలు లా యనఁబడు నేరధర్మమును విద్యార్థులకు సుబోధము గావించిన యొక మహాపండితుని చరిత్రమును వారికొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విలియం బ్లాక్‌స్టను 1723 వ సంవత్సరమున లండను నగరమునందుఁ బట్టువస్త్రముల వర్తకుని యింట జన్మించెను. పుట్టకమునుపే తండ్రియు, బాల్యముననే తల్లియు గతించిరి. అతఁడు చార్టరుహౌసు పాఠశాలలోఁ జదివి, పిదప ఆక్సుఫర్డు చేరెను. 1746 లో న్యాయవాది యయ్యెను గాని, వాగ్ధాటి లేమిచే వృత్తి సాగలేదు.

ఆ కాలమున ఆక్సుఫర్డునందు రోమకుల ధర్మమును, క్రైస్తవ మతధర్మమును మాత్రమే బోధించుచుండిరి. స్వదేశధర్మమును నేర్వఁగోరువాఁడు కోర్టులలో నిలిచి వాదములు వినుచు, తీర్పుల సంపుటములలోఁ దనంతటఁ దాను త్రోవ వెదకికొనవలసి యుండెను. ఈ కొఱంతఁ దీర్పఁదలఁచి బ్లాక్‌స్టను 1753 లో ఉపన్యాసముల నారంభించెను. వైనరు అను ధర్మవేత్త మరణశాసనముచే నేర్పడిన పీఠమునకు 1758 లోఁ బ్రథమాచార్యుఁ డయ్యెను. ఆ యుపన్యాసములే 1765 మొదలు 1769 వఱకు నాలుగు సంపుటములుగా వెలువడెను. పాణిని సూత్రములను భట్టోజి దీక్షితుఁడు ప్రకరణములుగాఁ గూర్చినట్లే, ఇతఁడు చెల్లాచెదరుగ నున్న ఆంగ్లేయధర్మమును క్రమపఱచెనని మా యభిప్రాయము.

నాలుగవ సంపుటము నేరధర్మమునకుఁ జెందినది. నేరమన నేమి, పసివాఁడును ఉన్మత్తుఁడును ఏల దండ్యులు కారు, ఆయా నేరము లెట్టివి అని తెలిపి, పిదప నిర్బంధము, జామీను, విచారణ, తీర్పు, క్షమాభిక్ష వరుసగా వివరించెను. తాను చెప్పిన విషయములకుఁ బూర్వగ్రంథములను, శాసనములను, తీర్పులను బ్రమాణముగాఁ జూపెను.

నాఁడు ఇంచుమించు 160 నేరములకు మరణదండన యుండెను. ఇంతటి కాఠిన్యముచే నేరములు తగ్గవనియు, నష్టపడినవాఁడు ఫిర్యాదు చేయుటకును, జూరీవారు దోషియని చెప్పుటకును వెనుదీయుదురనియు నతఁడు వాదించెను. దోషులు కొందఱు తప్పించుకొనినను నిర్దోషి శిక్షింపఁబడరాదని బోధించెను. అయినను ఉన్న చట్టము నతఁడు మిక్కిలిగాఁ బొగడెనని, అతని యుపన్యాసములను విన్న బెంథాము 1776 లోఁ దీవ్రముగా విమర్శించెను. ఆ విమర్శయుఁ జదువఁదగినదే.

బ్లాక్‌స్టను 1770 లో న్యాయమూర్తియై, 1780 ఫిబ్రవరి 14 వ తేదీని గతించెను.

మన దేశమున 2024 జూలై 1 నుండి 1860 నాఁటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత యమలులోనికి వచ్చినది. సెక్షనుల సంఖ్యలు మాఱినను, నేరలక్షణము, విచారణక్రమము, ప్రమాణాన్వేషణము అను అభ్యాసక్రమము మాఱదు. న్యాయవాది ప్రమాణము వెదకుటలోఁ జూపిన యలసత్వమునకుఁ జెఱలోనున్నవాఁడు మూల్యము చెల్లించును. మన విద్యార్థు లీ సంగతి మఱవకుందురు గాక.