పేరు పేరునా ప్రార్థించిన బిషప్

దోర్నకల్ అనగానే రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. ఆంగ్లికన్ చర్చి చరిత్రలో మాత్రం అది వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఊరు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన 1909లో మిషనరీగా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయ సహచరులను స్నేహితులుగా చూడడం లేదని వాళ్ల ముందే చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆయన డయాసిస్‌లో అత్యధికులు మాల, మాదిగ పేదలు. వాళ్ల మతమార్పిడి విషయంలో గాంధీతో ఆయనకు విభేదాలు వచ్చాయి. వేకువనే లేచి డయాసిస్‌లోని నాయకులను, సంస్థలను పేరు పేరునా తలచుకుని విజ్ఞాపన ప్రార్థన చేయడం ఆయన దినచర్య. తెల్లవారాక ఎడ్లబండెక్కి ఊళ్లకు వెళ్లేవారు. ఎడిన్‌బరోలో ఇతరులను అడిగిన స్నేహాన్ని ఇక్కడ తానే ఆచరించారు.

ఆ ఆరాటం డయాసిస్ హద్దుల్లో ఆగలేదు. శాఖలుగా చీలిన ప్రొటెస్టెంట్ చర్చిలు ఒక్కటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ రోజును ఆయన చూడలేదు.