కృష్ణాతీరం నుంచి ఢిల్లీ దాకా

రాష్ట్రంలో ఎదురులేని నాయకుడు కేంద్రానికి వచ్చిన తరువాత తన బలాన్ని ఎంతకాలం నిలుపుకొనగలడన్న చర్చ ఢిల్లీలో ఎప్పుడు వచ్చినా నాకు యశ్వంతరావు బల్వంతరావు చవాన్ గుర్తుకు వస్తారు. రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ శాఖలు నాలుగింటినీ నిర్వహించి, ఉపప్రధాని పదవి వరకు వెళ్లిన మనిషి ఆయన. ఆ పై మెట్టు మాత్రం ఎక్కలేకపోయారు.

1913 మార్చి 12న అప్పటి సతారా జిల్లాలోని దేవరాష్ట్రే గ్రామంలో సామాన్య రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. తల్లి విఠాబాయి పెంచింది. కృష్ణ, కోయన నదులు కలిసే కరాడ్‌లో చదువు. 1932లో స్వాతంత్ర్యోద్యమంలో జైలు. ఆ పైన న్యాయశాస్త్ర పట్టా.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1వ తేదీనే ఆయన ద్విభాషా బొంబాయి రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. మనకు పండుగైన ఆ రోజు మరాఠీలకు ఆశాభంగమైన రోజు. తన ప్రజలు కోరని రాష్ట్రాన్ని పాలిస్తూనే, ఆ ఏర్పాటు నిలవదని నెహ్రూకు నచ్చజెప్పడం చిన్న పని కాదు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. సహకార చక్కెర కర్మాగారాలకు ఊతమిచ్చి, జిల్లా పరిషత్తులకు అధికారాలు కల్పించి గ్రామసీమలలో ఆయన కట్టుకున్న కోట అప్పటిదే.

చైనాతో యుద్ధంలో ఎదురైన పరాభవానికి కృష్ణమీనన్ రాజీనామా చేయగా, 1962 నవంబరులో నెహ్రూ ఆయనను రక్షణమంత్రిగా పిలిపించారు. 1965 సెప్టెంబరు 1న పాకిస్థాన్ టాంకులు ఛంబ్‌లో చొచ్చుకొని వస్తుండగా సైన్యం వైమానిక దళ సహాయం కోరింది. చవాన్ నిమిషాల మీద అనుమతించారు. ఆ సాయంత్రమే విమానాలు లేచాయి.

యుద్ధంలో అంత చురుకైన మనిషి రాజకీయంలో మాత్రం గాలి ఎటు వీస్తుందో చూసి గాని అడుగు వేసేవారు కాదు. 1969 జులైలో బెంగుళూరులో ఇందిరాగాంధీ అభీష్టానికి విరుద్ధంగా, రాష్ట్రపతి పదవికి మన సంజీవరెడ్డి అభ్యర్థిత్వాన్ని బలపరచారు. ఆ సంవత్సరాంతంలో పార్టీ చీలగానే ఇందిర పక్షాన నిలిచారు. నా దృష్టిలో ఆయన చేజార్చుకున్న ఘడియ అదే. అటు వారికీ ఇటు వారికీ అనుమానం మిగిలింది. 1970 జూన్‌లో హోంశాఖ ఇందిర చేతికి వెళ్లింది, ఆయనకు ఆర్థికశాఖ దక్కింది.

1978 చీలికలో ఆయన కాసు బ్రహ్మానందరెడ్డి అధ్యక్షుడుగా ఉన్న కాంగ్రెసులో ఉండిపోయారు. 1979 జులైలో మొరార్జీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించినది ఆయనే. ఆ నెలాఖరుకు చరణ్‌సింగ్ కింద ఉపప్రధాని అయ్యారు. లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసిన మంత్రివర్గం అది!

1980 ఎన్నికలలో మహారాష్ట్రలోని 48 స్థానాలలో ఆయన పక్షానికి వచ్చినది ఒక్కటే, ఆయన స్వయంగా గెలిచిన సతారా. ఢిల్లీలో 17 ఏళ్లు గడిపేలోగా కోట అలా కరిగింది. 1981లో తిరిగి ఇందిర పార్టీలో చేరారు. మంత్రి పదవి రాలేదు. 8వ ఆర్థిక సంఘం అధ్యక్షత ఇచ్చారు. 1983లో భార్య వేణుతాయి మరణించడంతో కుంగిపోయి, 1984 నవంబరు 25న ఢిల్లీలోనే కన్నుమూశారు.

ఆయన ఆత్మకథ పేరు ‘కృష్ణాకాఠ్’, అంటే కృష్ణ ఒడ్డు. అది 1946తో ఆగిపోతుంది. బొంబాయి, ఢిల్లీ రోజుల గురించిన సంపుటాలు ఆయన వ్రాయనేలేదు.