మైదానమే బడిగా

1909లో హైదరాబాదున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. యౌవనంలో ఫుట్‌బాల్ ఆటగాడుగా పేరు గడించినా, ఆయన కీర్తికి మూలం ఆట నేర్పిన తీరు.

ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో మనవారిలో పలువురు వట్టి కాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాజితులైనారు. రహీం కుంగిపోలేదు, పాఠాన్ని మొదటినుండి చెప్పినారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున అదే దేశపు జట్టు నాల్గవ స్థానానికి ఎదిగింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయన శరీరాన్ని కాన్సరు క్షీణింపజేయుచున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను ఓడించింది. తరువాత రక్షణ వరుసలోని జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. రహీం అతనిని పక్కన బెట్టక ముందు వరుసకు మార్చినారు. సెమీఫైనలులోను, తుదిపోరులోను అతడు గోలు చేసినాడు. 2-1 తేడాతో అదే కొరియాపై గెలిచి భారతదేశం స్వర్ణం అందుకొన్నది.

1963 జూన్ 11న రహీం కన్నుమూసినారు. ఆ క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మరల దక్కలేదు. గాయపడినవానిలోనూ పనికివచ్చే శక్తిని చూడగలిగిన ఆ గురుదృష్టి ప్రతి తరగతిగదికీ అవసరమే.